అరవై ఒక్క ఇటుకలు

సమాధుల తోట ఉత్తరం మూలలో ఎర్రజెండాలు పాతి ఉన్నాయన్న కబురు తోటక్కకి మొదట తెచ్చింది తమ్ముడే. అతను బస్సు డ్రైవరు. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని, యూనిఫాం అయినా విప్పకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, రోడ్డాఫీసు వాళ్ళు మనకంటే ముందే లేచినట్టున్నారు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పదకొండు జెండాలు. కొత్తాసుపత్రి రోడ్డు మన మూల మీంచే పోతుందట."

తోటక్క అప్పుడే పారకి కొత్త కర్ర బిగిస్తోంది. ఆమెకి నలభై ఆరేళ్ళు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకే సరిగా గుర్తులేదు. నాన్నకి చూపు పోయాక, పన్నెండేళ్ళుగా ఆ తోటలో ప్రతి గొయ్యీ ఆమె తవ్విందే. ఆమె తవ్వితే అంచులు కత్తితో కోసినట్టుంటాయని రాళ్ళు చెక్కే మేస్త్రీ, అంటే ఆమె మొగుడే, నలుగురిలో చెప్పుకుని మురిసిపోతుంటాడు. మొదట్లో ఆడమనిషి గొయ్యి తవ్వడమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్ళే ఇప్పుడు తమ సంగతి వచ్చేసరికి, "ఆవిడ చేతే తవ్వించండర్రా" అని పిల్లలకి చెప్పి ఉంచుతున్నారు.

"ఏ మూల? ఇటుకల మూలేనా?" అంది తోటక్క, సుత్తి పక్కన పెట్టి.

"ఆఁ, అదే. ఖాళీ గడ్డే కదక్కా, ఇచ్చేస్తే పోలా? ఆసుపత్రికెళ్ళే సందులో అంబులెన్సులు ఇరుక్కుపోవడం రోజూ చూస్తున్నా. మొన్నయితే నేనే దిగి దారి చేయాల్సొచ్చింది."

"ఖాళీ అంటావేంట్రా! నాన్న నీకు నడక నేర్పలేదూ?"

"నేర్పాడులే. నేనే సగంలో పారిపోయా," అన్నాడు తమ్ముడు తల గోక్కుంటూ.

లోపల్నుంచి నాన్న దగ్గాడు. ఆ ఇంట్లో గోడలు సన్నం, ఆయన చెవులు పదును. "పదకొండో వాడి దగ్గర పారిపోయాడు," అన్నాడు మంచం మీంచే. "నాకు లెక్కుంది."

నడక అంటే ఆ ఇంటి పాఠం. అది అర్థం కావాలంటే నాలుగు తరాలు వెనక్కి వెళ్ళాలి.

తోటక్క ముత్తాత ఇటుకలు చేసేవాడు. ఊళ్ళో అందరికీ ఆయన ఇటుకల తాత. ఊరి చివర ఆయనకి బట్టీ, ఇటుకలు ఆరబెట్టుకునే నేల ఉండేవి. ఆ రోజుల్లో రైలు పట్టాలు వేయడానికి ఎక్కడెక్కడి నుంచో కూలివాళ్ళు కుటుంబాలతో వచ్చి గుడారాలు వేసుకున్నారు. వాళ్ళ మాట ఊరికి తెలీదు, ఊరి మాట వాళ్ళకి తెలీదు. ఒక వేసవిలో విషజ్వరం ఆ గుడారాల మీద పడింది. ఊరు ఊరంతా తలుపులు బిగించుకుంది. పాత శ్మశానం వాళ్ళు, ఈ జబ్బు శవాలు మాకొద్దంటూ గేటుకి తాళం వేశారు. రెండు రోజులపాటు ఆ మనుషులు పట్టాల పక్కనే పడి ఉన్నారు.

మూడో రోజు ఇటుకల తాత తన బండి కట్టాడు. వీధిలో నలుగురు అడ్డం వచ్చి, జబ్బుని ఊళ్ళోకి మోసుకొస్తావా అని అరిచారు. "బండి నాది, నేల నాది, వీపు నాది," అన్నాడట ఆయన. "మిమ్మల్నేమైనా సాయం పట్టమన్నానా? ముక్కు మూసుకుని ఇంట్లో కూచోండి." ఆ మాట ఆ ఇంట్లో అందరికీ నోటికొచ్చు. తోటక్క చిన్నప్పుడు బళ్ళో ఎవరైనా ఏడిపిస్తే అదే వాడేది.

ఇటుకలు ఆరే నేలని ఆయన ఆ వేసవంతా తవ్వాడు. ఆయన భార్య చచ్చిపోయినవాళ్ళ మొహాలు తుడిచి, పేరేమైనా తెలుస్తుందేమోనని జేబులు వెతికేది. పేర్లు దొరికేవి కావు. ఒకడి జేబులో తాళంచెవి ఉండేది, ఒకడి దగ్గర దువ్వెన, ఇంకొకడి దగ్గర ఈల. ఇటుకల తాతకి చదువు రాదు. పచ్చి ఇటుక మీద ఆ వస్తువుని గట్టిగా అదిమి, అచ్చు పడ్డాక వస్తువుని మళ్ళీ ఎవరిది వాళ్ళ జేబులోనే పెట్టేవాడు. కాలిన ఇటుకని తలవైపు పాతేవాడు. మొదట్లో తలల దగ్గర కర్రపలకలు నిలబెట్టాడు కానీ, జ్వరం భయంతో జనం వాటిని పీకి తగలబెట్టారు. అందుకని గడ్డి కింద, రెండు జానలు దాటకుండా, ఎవరికీ కనబడకుండా ఇటుకలు పెట్టాడు. అలా అరవై ఒకటి. ఎవరెక్కడున్నారో కొడుక్కి నడిపించి నేర్పాడు. ఆ కొడుకు తన కొడుక్కి, ఆయన తోటక్కకి.

జ్వరం పోయిన ఆరేళ్ళకి ఊరి డాక్టరు మంచాన పడి, "నన్ను ఆ ఇటుకలాయన నేలలోనే పెట్టండి. ఆ వేసవిలో నేను తలుపు తియ్యలేదు," అని చెప్పి పోయాడట. ఆ తోటలో లేచిన మొట్టమొదటి రాయి ఆయనదే. ఆ తర్వాత ఒక్కొక్క ఇల్లూ వచ్చింది. ఈవేళ ఊళ్ళో ఆ తోటలో మనిషి లేని కుటుంబం లేదు.

రోడ్డాఫీసు నుంచి ఆ మధ్యాహ్నమే ఇద్దరు వచ్చారు. ఒకాయన ఇంజనీరు, తల మీద పసుపు టోపీ, చంకలో ఫైలు. రెండో మనిషి కొలతలు తీసే అమ్మాయి, పాతికేళ్ళుంటాయి, భుజాన మూడుకాళ్ళ స్టాండు మోస్తోంది. తోటక్క వాళ్ళకి అరుగు మీద కుర్చీలేసింది. నాన్నని చెయ్యి పట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"రికార్డులో ఆ మూల ఖాళీ స్థలమని ఉందండీ," అన్నాడు ఇంజనీరు మర్యాదగానే.

"ఆ రికార్డు రాసినాయన ఆ రోజు లోపలికి వచ్చినట్టు లేదు లెండి," అన్నాడు నాన్న. "గోడ మీంచి తొంగిచూసి వెళ్ళుంటాడు. అక్కడ అరవై ఒక్కరున్నారు."

"కాగితమేదైనా ఉందా?"

"కాగితం లేదు. నోట్లో ఉంది."

కొలతల అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి స్టాండు మర సరిచేసుకుంది. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "పెద్దాయనా, మీ మాట మీద నాకు నమ్మకం లేక కాదు. కానీ ఆసుపత్రికి రోడ్డు కావాలి. నోటి మాట విని రోడ్డు వంచానంటే పైవాళ్ళు నన్ను వంచుతారు. నేనేం రాయను?"

తోటక్కకి ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. రోడ్డు కావాలని ఆమెకీ తెలుసు. ఇంట్లోకి వెళ్ళి, మూలనున్న ఇనప చువ్వ తెచ్చింది. కొత్త గొయ్యి మొదలుపెట్టే ముందు కింద రాయి ఉందో వేరు ఉందో గుచ్చి చూసుకునే చువ్వ అది.

చప్పుడుకే నాన్న తల తిప్పాడు. "అదెందుకమ్మా?"

"ఇటుకల్ని తట్టి చూపిద్దాం నాన్నా."

"నాలుగు తరాల్లో ఆ గడ్డి మీద పార పెట్టలేదు మనం. వాళ్ళని పొడుస్తావా?"

"వాళ్ళని కాదు, తలవైపు ఇటుకని. చువ్వకి రెండు జానల దగ్గర దారం కడతా, దారం దాటనివ్వను." ఆమె ఆయన మోకాలి దగ్గర కూర్చుంది. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడం వాళ్ళకి మంచిదయింది. ఇప్పుడు చెప్పకపోతే వాళ్ళ మీద తారు పోస్తారు."

నాన్న చెయ్యి చాచి చువ్వని కొస దాకా తడిమాడు. చివరికి, "చువ్వ గుడ్డతో శుభ్రంగా తుడిచి తీసుకురా," అన్నాడు.

ఉత్తరం మూలలో గోడకి వీపు ఆనించి నిలబడింది తోటక్క. నాన్నకి కుర్చీ వేశారు. పక్కనే తమ్ముడు నిలబడ్డాడు, సాయంత్రం ట్రిప్పు తోటి డ్రైవరుకి అప్పగించి వచ్చాడు. నాన్న గొంతు సవరించుకుని నడక మొదలుపెట్టాడు.

"గోడకి వీపు పెట్టు. ఏడు అడుగులు వెయ్యి. తాళంచెవి వాడు."

అడుగంటే ఎవరి అడుగు పడితే వాళ్ళది కాదు. మూడు ఇటుకల పొడవు. తోటక్కకి ఆరేళ్ళప్పుడు నాన్న పెరట్లో ఇటుకలు పరిచి, కాలికి అలవాటయ్యేదాకా నడిపించాడు. ఏడు అడుగులు వేసి, చువ్వని నేల మీద ఆనించి మెల్లగా నొక్కింది. జానెడు దిగింది. ఇంకాస్త దిగింది. ఠంగుమంది.

"అదీ," అన్నాడు నాన్న.

"రాయి కావచ్చు కదండీ," అన్నాడు ఇంజనీరు.

"రాయి కిర్రుమంటుంది. వేరు మూలుగుతుంది. ఇటుక ఒక్కటే అలా పలుకుతుంది. తియ్యి తల్లీ, ఒక్కటే తియ్యి. చూసి మళ్ళీ పెట్టేద్దాం."

తోటక్క మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిని చాపలా మడిచి, చేత్తోనే మట్టి తీసింది. ఇటుక బయటికొచ్చింది. కొంగుతో తుడిచింది. దాని నడుమ తాళంచెవి అచ్చు, పళ్ళతో సహా, నిన్న మొన్న అదిమినట్టుంది. పక్కన బొటనవేలి ముద్ర కూడా పడి ఉంది. తోటక్క పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి విన్నదే, కానీ కళ్ళతో చూడడం ఆమెకీ అదే మొదటిసారి. ఇటుకని నాన్న ఒళ్ళో పెట్టింది. ఆయన వేలితో తాళంచెవిని తడిమి, తర్వాత ఆ ముద్రని వెతుక్కుని, తన బొటనవేలు అందులో ఆనించాడు.

ఇంజనీరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అయినా తన ఉద్యోగం తను చెయ్యాలి కదా. "ఒకటి ఉంది, సరే. అరవై ఒకటీ ఉన్నాయంటే..."

"అన్నీ నడుద్దాం పట్టండి," అంది తోటక్క.

మొదట కొలతల అమ్మాయి ఒక్కతే వెనకాల నడిచింది, ఇటుక పలికిన చోటల్లా తెల్ల మేకు దిగేస్తూ. కాసేపటికి వీధివైపు గోడ అవతల టీ కొట్టాయన వచ్చి నిలబడ్డాడు. అతని వెనక మంగలి, ఒక నర్సు, బడి వదిలి వస్తున్న టీచరు. నాన్న గొంతు, చువ్వ చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు.

"రెండు అడుగులు. దువ్వెన వాడు."

ఠంగు.

"రెండు అడుగులు. ఈల వాడు."

ఠంగు.

"రెండు అడుగులు. ఇద్దరూ ఒకే రకం బొత్తాం వాళ్ళు, అన్నదమ్ములు కావచ్చు."

ఠంగు, ఠంగు. పదకొండో మనిషి దాటినప్పుడు తమ్ముడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇరవై దాటింది. ముప్పై దాటింది. జనం గోడ వెంట వరుస కట్టారు. తోటక్కకి నడుం లాగుతోంది కానీ కాళ్ళు మాత్రం తేలిపోతున్నాయి. కనబడని మనుషులందరూ ఒకరి తర్వాత ఒకరు హాజరు పలుకుతున్నట్టే ఉంది.

"ముప్పై నాలుగు. రెండు అడుగులు. పూస పిల్ల. చిన్నగా వెళ్ళు."

రెండు అడుగులు వేసి చువ్వ దింపింది. దారం దాకా దిగింది. చప్పుడు లేదు. తీసి, బెత్తెడు అవతల గుచ్చింది. లేదు. కుడివైపు జరిగింది. లేదు.

గోడ దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. నాన్న కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు.

"నేనే తప్పానేమోనమ్మా," అన్నాడు చిన్న గొంతుతో. "ముసలితనం. మధ్యలో ఏదో జారవిడిచి ఉంటాను."

ఆయన నోట తప్పానన్న మాట తోటక్క ఎన్నడూ వినలేదు. "నువ్వు తప్పలేదు నాన్నా. మళ్ళీ చెప్పు, ఉన్నదున్నట్టు."

"పూస పిల్ల. చిన్నగా వెళ్ళు."

చిన్నగా వెళ్ళు. చిన్నప్పటి నుంచీ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె, నాన్న కూడా, పాప నిద్ర చెడకుండా మెల్లగా నడిచేవాళ్ళు. తాతా అలాగే నడిచేవాడట. తోటక్క నేల వంక చూస్తూ నిలబడిపోయింది. ఆ చూపు గొయ్యి తవ్వే మనిషి చూపు. పెద్దవాళ్ళకి ఎంత వెడల్పు తవ్వుతాను? పిల్లలకయితే ఎంత తవ్వుతాను? పిల్లల గొయ్యి సన్నగా ఉంటుంది. పక్కవాళ్ళ తలకీ ఈ తలకీ మధ్య అంత దూరం ఉండదు.

"నాన్నా! చిన్నగా అంటే మెల్లగా అని కాదేమో. చిన్న అడుగేమో!"

ముప్పై మూడో మేకు దగ్గరికి వెనక్కి వచ్చింది. ఈసారి రెండు పొట్టి అడుగులు వేసింది, ఒక్కొక్కటి రెండు ఇటుకలంత. చువ్వ ఆనించింది. నొక్కింది.

ఠంగు.

గోడ దగ్గర ఎవరో చప్పట్లు కొట్టబోయి, ఎక్కడున్నారో గుర్తొచ్చి చేతులు దించేసుకున్నారు. నాన్న మాత్రం ఫెళ్ళున నవ్వేశాడు. చూపులేని కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు.

"చూశావా, ఆ ఇటుకలాయన ఎంత గడుసువాడో! డెబ్బై ఏళ్ళుగా మెల్లగా, మెల్లగా అని పిల్లిలా నడిచాను!"

"మెల్లగా నడిచినందుకు పాపకేమీ నష్టం లేదులే నాన్నా," అంది తోటక్క.

అక్కణ్ణుంచి ఆగలేదు. నడకలో ఇంకో ఇద్దరు పిల్లలున్నారు, నలభై ఎనిమిదో చోట చెంచా బాబు, యాభై తొమ్మిదిలో గవ్వ పిల్ల. ఇద్దరి దగ్గరా "చిన్నగా వెళ్ళు" అనే ఉంది. ఇద్దరి దగ్గరా చిన్న అడుగుకే ఇటుక పలికింది. ఎండ తగ్గి నీడలు సాగేవేళకి నాన్న, "అరవై ఒకటి. రెండు అడుగులు. ఖాళీ జేబు వాడు," అన్నాడు. చువ్వ ఆఖరిసారి ఠంగుమంది. తోటక్క చువ్వని నేల మీద పడుకోబెట్టి, నడుం మీద చేతులు వేసుకుని వెనక్కి తిరిగి చూసింది. గడ్డిలో అరవై ఒక్క తెల్ల మేకులు, వంకర లేకుండా, వరసలు వరసలుగా ఉన్నాయి. పక్కనే రోడ్డాఫీసు పదకొండు ఎర్రజెండాలు వంకరటింకరగా నిలబడి ఉన్నాయి.

"ఈ కొలతలు ఎవరు తీశారక్కా?" అంది కొలతల అమ్మాయి తన యంత్రంలోంచి తల పైకెత్తకుండానే. "నాలుగు వేళ్ళు కూడా తేడా లేదు."

"మా ముత్తాత. బళ్ళోకి వెళ్ళలేదు," అంది తోటక్క. ఆ రెండు ముక్కలు చెబుతున్నప్పుడు ఆమె మెడ దానంతటదే నిటారుగా లేచింది.

ఇంజనీరు ఫైలు మూసేశాడు. "మరి రోడ్డు ఎటు పోనివ్వమంటారు? ఉత్తరం గోడ పక్కన జాగా లేదే."

"ఎందుకు లేదండీ?" అన్నాడు తమ్ముడు, అప్పటిదాకా నోరు విప్పనివాడు. "గోడ అవతల మీ ఆఫీసు గోదామే కదా. నా బస్సులోంచి రోజూ చూస్తుంటా. పాడైపోయిన రోడ్డు రోలర్లు ఆరు, గడ్డి మొలిచి పడున్నాయి. వాటికి కావాలంటే ఓ మూల మా అక్క చోటిస్తుంది."

జనం గొల్లుమన్నారు. ఇంజనీరు చెవులు ఎర్రబడ్డాయి, కానీ ఆయన కూడా నవ్వకుండా ఉండలేకపోయాడు. తాళంచెవి ఇటుకని తోటక్క యథాస్థానంలో పెట్టి, మట్టి కప్పి, గడ్డి పరిచి, అరచేత్తో అదిమింది. అదయ్యేదాకా గోడ దగ్గర ఒక్కరూ కదల్లేదు.

తర్వాత ఒకటి రెండు నెలలు ఏ కబురూ లేదు. ఒకరోజు కొలతల అమ్మాయే పెద్ద గొట్టంలా చుట్టిన కాగితం పట్టుకుని వచ్చింది. కొత్త పటం. రోడ్డు ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చి, తోట గోడని తాకకుండా గోదాంలోకి వంగి, మళ్ళీ తిన్నగా పోతోంది. ఉత్తరం మూలలో అరవై ఒక్క చుక్కలున్నాయి. ప్రతి చుక్క పక్కనా సన్నని అక్షరాల్లో తాళంచెవి, దువ్వెన, ఈల, పూస అని రాసి ఉంది. అడుగున అధికారి సంతకం, ఆఫీసు ముద్ర. నాన్న మొత్తం చదివించుకున్నాడు. ఖాళీ జేబు దాకా విన్నాక, "ఇంకోసారి చదవమ్మా," అన్నాడు. ఆ అమ్మాయి రెండోసారి కూడా ఓపిగ్గా చదివింది. తోటక్క మొగుడు ఆ పటానికి చట్రం కట్టి ముందుగదిలో తగిలించాడు. ఇంటికి ఎవరొచ్చినా నాన్న ముందు వాళ్ళని దాని ఎదురుగా నిలబెట్టాకే కూర్చోమంటాడు.

రోడ్డు పూర్తయి బస్సులు నడవడం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం తోటక్క బజారులో కొత్త గునపం కొనుక్కుని బస్సెక్కింది. అది తమ్ముడి బస్సని ఎక్కేదాకా చూసుకోలేదు. గునపంతో వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది. అతనూ ఆమెని చూడలేదు. గోదాం దగ్గర వంపు రాగానే బస్సు నెమ్మదించింది. ముందు సీట్లో ఎవరో ముసలావిడ కసురుకుంది.

"బంగారం లాంటి తిన్నని రోడ్డు! ఇక్కడ ఈ వంకరెందుకు పెట్టారు నాయనా? ప్రతిసారీ నా సంచీ దొర్లిపోతోంది."

"అది వంకర కాదు పెద్దమ్మా," అన్నాడు తమ్ముడు, స్టీరింగు తిప్పుతూ బస్సంతా వినబడేలా. "అది మా అక్క! రోడ్డాఫీసు మొత్తాన్ని పక్కకి జరగమంది. జరిగారు. కాస్త సంచీ పట్టుకో, చెప్తాను."

అతను మొదట్నుంచీ అందుకున్నాడు, ఇటుకల తాత బండి కట్టిన దగ్గర్నుంచి. దిగాల్సిన స్టాపు దాటిపోతున్నా తోటక్క లేవలేదు. గునపం మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు మొహం తిప్పుకుని, చివరి స్టాపు దాకా వింటూనే కూర్చుంది.